ప్యారిస్ తిరుహృదయ బసిలికా: అమ్మతో వెళ్తున్నాం, 40 నిమిషాలు సరిపోతాయా?

మెట్టుగూడ_వాసి (ఆదివారం రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో ప్యారిస్ వెళ్తున్నాం. నేను, నా భార్య, అమ్మ. అమ్మకి 68. మోకాళ్ళు అరిగాయి. చదునుగా ఉంటే నడుస్తుంది, మెట్లంటేనే కష్టం. ఐదేళ్ళ క్రితం వరకు ప్రతి ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి వెళ్ళి కొండ ఎక్కేది. ఇప్పుడు కిందనే కొవ్వొత్తి వెలిగించి వస్తోంది.

పెళ్ళైన దగ్గర్నుంచి ఆమెది సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ విచారణ, అంటే ఆ చర్చి పరిధి. 2008లో ఆ చర్చిని బసిలికాగా, అంటే పోప్ ఇచ్చే ప్రత్యేక హోదా ఉన్న చర్చిగా, ప్రకటించినప్పుడు మా ఇంట్లో పాయసం వండింది. మా గుమ్మం ఎదురుగా తిరుహృదయ పటం (తన గుండె చూపిస్తున్న యేసు ప్రభువు బొమ్మ), దాని కింద చిన్న ఎర్ర బల్బు. నేను పుట్టక ముందు నుంచీ అవి అక్కడే ఉన్నాయి. ప్యారిస్‌లో అదే తిరుహృదయం పేరుతో కొండ మీద పెద్ద తెల్లటి గుడి ఉందని ఎప్పుడో ఒక ఫాదర్ చెప్పారట. సాక్రే కూర్ అంటారు దాన్ని. "ఈఫిల్ టవర్ చూడకపోయినా ఫర్వాలేదు నాన్నా, అక్కడ కాసేపు కూర్చుంటే చాలు" అంటోంది.

మేం తీసుకున్న ప్యాకేజీలో మూడో రోజు "మోమార్త్ర కొండ, 40 నిమిషాలు" అని ఉంది. ఆ గుడి ఉన్నది ఆ కొండ మీదే. ఫోన్ చేసి అడిగితే "ఫోటోలకు సరిపోతుంది సార్" అన్నారు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

బోయిన్‌పల్లి_అక్క (ఆదివారం రాత్రి 9:48)

తమ్ముడూ, సరిపోవు. నేను అలాగే గ్రూపుతో వెళ్ళాను. బస్సు కింద ఆపారు. పైకి చేరేసరికి పావుగంట, బ్యాగులు తనిఖీ చేసే లైనులో పది నిమిషాలు. లోపలికి అడుగుపెట్టి తల పైకెత్తానో లేదో, మా గైడ్ గొడుగు ఊపుతూ పిలవడం మొదలుపెట్టాడు. ఆ పైకప్పు మీద యేసు ప్రభువు బొమ్మ సగం చూశాను, సగం చూడలేదు. నాలుగేళ్ళైనా ఆ వెలితి పోలేదు.

ఇంకో విషయం. కింద తోట దగ్గర మెట్ల మొదట్లో కొందరు రంగుదారాలు పట్టుకుని నిలబడతారు. మనకి గుడి దగ్గర ఎవరైనా దారం కడతామంటే చెయ్యి చాపడం అలవాటు కదా, మా గుంపులో ఒకావిడ అలాగే చాపింది. ముడి వేసేశాక డబ్బులివ్వమని నలుగురు చుట్టూ చేరారు. మీ అమ్మగారికి ముందే చెప్పండి. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, ఎవరి మొహం చూడకుండా నడిచిపోతే ఏమీ అనరు.

లియోన్_లో_తెలుగు (సోమవారం ఉదయం 11:30)

నేను ఫ్రాన్స్‌లోనే ఉంటున్నాను. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు రెండుసార్లు తీసుకెళ్ళాను కాబట్టి దారి గురించి గట్టిగానే చెప్పగలను.

కింద తోట నుంచి పైకి ఫ్యునిక్యులర్ ఉంది. వాలు మీద పట్టాలపై ఎక్కే చిన్న పెట్టె లాంటిది, రెండు నిమిషాల్లోపే పైన దించుతుంది. పక్కనే ఉన్న మెట్లు 222. నవిగో వారం పాస్ (ప్యారిస్ మెట్రోకి, బస్సులకి కలిపి ఇచ్చేది) ఉంటే ఫ్యునిక్యులర్‌కి వేరే టికెట్ అక్కర్లేదు. కాకపోతే చాలామంది చెప్పని సంగతి ఒకటుంది: అది దిగాక కూడా గుడి ముందుకి ఇంకా మెట్లు ఎక్కాలి. మా నాన్నకి అక్కడే ఆయాసం వచ్చింది.

అందుకని మీ అమ్మగారి విషయంలో ముందువైపు మర్చిపోండి. గుడి వెనక వీధిలో నడవలేనివాళ్ళ కోసం వేరే ద్వారం ఉంది, లోపల లిఫ్ట్ ఉంది. ట్యాక్సీ నేరుగా అక్కడిదాకా వెళ్తుంది. మెట్రోలో వెళ్దామనుకుంటే అబెస్ స్టేషన్ అసలు వద్దు. నేలకి 36 మీటర్ల లోతున ఉంటుంది, లిఫ్ట్ ముందు జనం, కాదంటే చుట్లు తిరిగే మెట్లు. 40 నంబరు చిన్న బస్సు కొండ సందుల్లోంచి పైకి వెళ్తుంది, అది నయం.

గుడి ఉదయం 6:30కే తెరుస్తారు, రాత్రి 10:30 దాకా ఉంటుంది. లోపలికి వెళ్ళడానికి డబ్బేమీ కట్టక్కర్లేదు, డోమ్ ఎక్కాలంటేనే టికెట్. పదకొండు తర్వాత వెళ్తే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ చివరి ఆదివారంలా ఉంటుంది. ఏడింటికి వెళ్తే అదే చోటు వేరే లోకం. ప్యాకేజీలో ఆ పూట వదిలేసి, ఒక పొద్దున మీ ముగ్గురే వెళ్ళండి. డబ్బు పోయినా ఇదే నా సలహా.

ఉప్పల్_సివిల్ (సోమవారం రాత్రి 10:05)

నేను మతం గురించి మాట్లాడను, నాకు తెలిసింది పునాది. మూడేళ్ళ క్రితం వెళ్ళాను. నాతో వచ్చినవాళ్ళు డోమ్ చూస్తుంటే నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను.

మన హైదరాబాద్‌లో ఇల్లు కట్టాలంటే నాలుగు అడుగులు తవ్వగానే బండ తగులుతుంది. పగలగొట్టడానికే సగం ఖర్చు. అక్కడ సరిగ్గా దీనికి తిరగబడిన కథ. ఆ కొండ కడుపంతా డొల్ల. వందల ఏళ్ళు అక్కడ జిప్సం తవ్వారు. ఆ జిప్సం కాల్చి పొడి చేస్తే వచ్చేదే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, ఆ పేరు వచ్చింది అందుకే. మన ఫ్లాట్లలో పీఓపీ సీలింగులు, ధూల్‌పేట్‌లో పోత పోసిన వినాయకుడి విగ్రహాలు, విరిగిన చేతికి వేసే కట్టు, అన్నిటికీ ఆ పేరు పెట్టింది ఆ ఊరి మట్టే. ఇంతకాలం ఆ మాట వాడుతూ దాని ఊరు ముందు నిలబడతాననుకోలేదు.

అలాంటి డొల్ల కొండ మీద అంత బరువు పెట్టాలి. 1875లో శంకుస్థాపన చేశారు. మామూలు పునాది నిలవదని తేలాక 83 బావులు తవ్వారు, ఒక్కొక్కటి 33 మీటర్ల లోతు. అంటే పదంతస్తుల బిల్డింగ్ అందులో మునుగుతుంది. ఆ బావుల్ని రాయీ సున్నంతో నింపి, స్తంభాలుగా చేసి, పైన కమానులతో ఒకదానికొకటి కలిపారు. పైల్ ఫౌండేషన్‌కి పెద్దన్న లాంటిది, అదీ జేసీబీలు లేని రోజుల్లో. కొండ మొత్తం కొట్టుకుపోయినా గుడి ఆ కాళ్ళ మీద నిలబడుతుందని అక్కడివాళ్ళు అంటారు.

ఇక తెలుపు. నూరేళ్ళు దాటిన కట్టడం, ట్రాఫిక్ పొగ మధ్య ఉంది, సున్నం కొట్టరు, అయినా తెల్లగా ఉంటుంది. అది ప్యారిస్‌కి దక్షిణాన షాతో లాందో వైపు గనుల్లో దొరికే సున్నపురాయి. వాన పడ్డప్పుడు ఆ రాయిలోంచి కాల్సైట్ అనే సున్నపు ఖనిజం పైకి వచ్చి తెల్లటి పొరలా గట్టిపడుతుంది. వాన తడిస్తే మన గోడలు నల్లబడతాయి, అది తెల్లబడుతుంది. మీరు వెళ్ళిన రోజు వాన పడితే బాధపడకండి, ఆ రాయికి అది స్నానం.

ఆర్కిటెక్ట్ పాల్ అబాదీ 1884లోనే పోయారు. పని 1914లో పూర్తయింది, ఇంతలో యుద్ధం వచ్చి ప్రతిష్ఠ 1919 అక్టోబరుకి జరిగింది. తాను గీసిన డోమ్ ఆయన చూడలేదు. పునాదుల్లోనే ఆయన ఏళ్ళు గడిచిపోయాయి. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఆ మాట గుండెకి తగులుతుంది.

బర్కత్‌పుర_పాఠకుడు (సోమవారం రాత్రి 11:20)

రాయి గురించి చెప్పారు, రక్తం గురించి కూడా చెప్పాలి. 1871 మార్చి 18న ప్యారిస్ కమ్యూన్ తిరుగుబాటు, అంటే ఊరిని తామే పాలించుకుంటామని ప్యారిస్ జనం ప్రభుత్వం మీద తిరగబడటం, మొదలైంది ఆ కొండ మీదే. అక్కడ ఉంచిన ఫిరంగుల్ని స్వాధీనం చేసుకోవడానికి సైన్యం వస్తే జనం అడ్డుకున్నారు. మే చివరి వారంలో ఆ తిరుగుబాటును అణిచేశారు, వేలమంది పేదలు, కార్మికులు చనిపోయారు. రెండేళ్ళు తిరిగేసరికి అదే కొండ మీద "ప్రాయశ్చిత్తం" పేరుతో గుడి కట్టడానికి చట్టం చేశారు. ఓడిపోయినవాళ్ళ గుండె మీద గెలిచినవాళ్ళు పెట్టిన రాయి అని ఫ్రాన్స్‌లో ఇవాళ్టికీ చాలామంది అంటారు. వెళ్ళండి, కానీ తెలుసుకుని వెళ్ళండి.

మల్కాజ్‌గిరి_మాస్టారు (మంగళవారం ఉదయం 6:40)

పాఠకుడు గారూ, మీరు చెప్పిన తేదీలు సరైనవే. మీ బాధా సరైనదే. నేను ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పాను కాబట్టి ఇంకొంచెం కలుపుతాను.

మొక్కు కమ్యూన్ కంటే ముందుది. 1870లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యం చేతిలో ఫ్రాన్స్ ఓడిపోతూ ఉంది. ఆ శీతాకాలంలో అలెగ్జాండర్ లెజాంతీ అనే భక్తుడు, దేశం ఈ ఆపద నుంచి బయటపడితే తిరుహృదయానికి గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడు. ఆయన బావమరిది, చిత్రకారుడు రొఓ ద ఫ్లోరీ ఆయనతో కలిశాడు. తర్వాత కమ్యూన్ వచ్చింది. కమ్యూన్ వైపు కూడా రక్తం ఉంది, ప్యారిస్ అగ్రపీఠాధిపతి దార్బువాని వాళ్ళు బందీగా ఉంచి కాల్చేశారు. 1873 జూలైలో చట్టం వచ్చేనాటికి మొక్కు, ఓటమి, అంతర్యుద్ధం మూడూ కలిసిపోయాయి. అందుకే ఒకరికి అది మొక్కుబడి గుడి, ఇంకొకరికి గాయం. రెండిట్లో ఏదీ అబద్ధం కాదని నా అభిప్రాయం.

డబ్బు మాత్రం ఎక్కువ భాగం చిన్న చిన్న చందాలే. గళ్ళు గీసిన కార్డు ఇచ్చేవారు, ఒక్కో గడికి 10 సాంతీములు, అంటే ఫ్రాంకులో పదో వంతు. కార్డు నిండితే ఒక రాయి. దాతల పేర్లు రాళ్ళలో చెక్కారు. మన ఊళ్ళల్లో గుడి మెట్ల మీద, ఫ్యాన్ రెక్కల మీద పేర్లు రాయించినట్టు. బట్టలుతికి బతికే ఆవిడ ఒక గడి డబ్బిస్తే అది గెలిచినవాళ్ళ డబ్బు అని నేను అనలేను.

గుడి కింద ఉన్న తోటకి 2004లో లూయీస్ మిషెల్ పేరు పెట్టారు. కమ్యూన్‌లో పోరాడిన టీచరమ్మ ఆవిడ. పైన గుడి, దాని పాదాల దగ్గర ఆవిడ పేరు. పాఠకుడు గారు వెళ్ళినప్పుడు ఆ తోటలో కాసేపు కూర్చోవాలని నా కోరిక.

బర్కత్‌పుర_పాఠకుడు (మంగళవారం ఉదయం 9:02)

తప్పకుండా మాస్టారూ. దార్బువా సంగతి నేను వదిలేయడం తప్పే.

నల్లకుంట_అమ్మమ్మ (మంగళవారం మధ్యాహ్నం 2:15)

నాకు 71 ఏళ్ళు. మా మనవరాలు అక్కడ చదువుతోంది, మార్చిలో వెళ్తున్నాను. మేము హిందువులం. లోపల కూర్చుంటే ఏమైనా అంటారా? ఫోటోలో చూస్తే నాకు మన నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిర్ గుర్తొచ్చింది. ఊరంతా కిందా, తెల్లటి గుడి పైనా.

లియోన్_లో_తెలుగు (మంగళవారం సాయంత్రం 6:50)

అమ్మమ్మగారూ, ఎవరూ ఏమీ అనరు, ఎంతసేపైనా కూర్చోవచ్చు. బిర్లా మందిర్‌తో ఇంకో పోలిక ఉంది, లోపల ఫోటోలు తీయనివ్వరు. మాట్లాడినా సిబ్బంది నెమ్మదిగా "ష్" అంటారు. దానికి కారణం ఉంది. 1885 ఆగస్టు 1 నుంచి అక్కడ దివ్యసత్ప్రసాద ఆరాధన, అంటే క్రీస్తు శరీరంగా నమ్మే అప్పం ముందు చేసే ప్రార్థన, ఆగలేదు. పగలూ రాత్రీ ఎవరో ఒకరు ప్రార్థనలో ఉంటారు. గుడి తలుపులు మూసిన తర్వాత కూడా, ముందే పేరు రాయించుకున్నవాళ్ళు వంతులవారీగా తెల్లవారేదాకా లోపల కూర్చుంటారు. 1944 ఏప్రిల్‌లో పక్కనే బాంబులు పడి రంగుటద్దాలన్నీ పగిలినప్పుడు కూడా ఆపలేదు.

మల్కాజ్‌గిరి_మాస్టారు (మంగళవారం రాత్రి 8:10)

మెట్టుగూడ బాబూ, మీ అమ్మగారికి ఒక మాట చెప్పు. గోవాలో ఉన్న పునీత ఫ్రాన్సిస్ శౌరివారు 1534 ఆగస్టు 15న జెస్విట్ సభ పెట్టిన లొయోలా ఇగ్నేషియస్‌తో, మరో ఐదుగురితో కలిసి మొదటి మాటపట్టు (దేవుడికి ఇచ్చే ప్రమాణం) పట్టింది ఈ మోమార్త్ర వాలు మీదే, ఒక చిన్న ప్రార్థనాలయంలో. వాళ్ళంతా ప్యారిస్‌లో చదువుకోవడానికి వచ్చినవాళ్ళు. ఆ గదిలోంచి బయల్దేరిన మనిషి 1542లో గోవాలో దిగాడు. పై గుడికి అప్పటికి ఇంకా మూడు వందల ఏళ్ళకి పైగా ఉంది.

మెట్టుగూడ_వాసి (మంగళవారం రాత్రి 10:30)

మాస్టారూ, ఇది చదివి వినిపిస్తే అమ్మ లేచి వెళ్ళి గోవా నుంచి తెచ్చుకున్న జపమాల తీసింది. 2024 నవంబరులో శౌరివారి భౌతికకాయం ప్రదర్శనకి విచారణవాళ్ళతో వెళ్ళొచ్చింది లెండి. "ఆయన బయల్దేరిన చోటికి నేను వెళ్తున్నానా" అని రెండుసార్లు అడిగింది.

నిర్ణయం అయిపోయింది. మూడో రోజు గ్రూపుతో వెళ్ళం. అది అక్టోబరు మొదటి శుక్రవారం. అమ్మ మొదటి శుక్రవారం పూజ ఎప్పుడూ తప్పలేదు. పొద్దున్నే ముగ్గురం వెళ్తాం.

మెట్టుగూడ_వాసి (మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:20)

వచ్చేశాం. ఇక్కడ సలహాలిచ్చిన అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది.

ఆ రోజు ఆరున్నరకి హోటల్ దగ్గర ట్యాక్సీ ఎక్కాం. అక్టోబరులో అక్కడ ఎనిమిది దగ్గరపడితే గానీ తెల్లవారదు. వీధి దీపాల్లో తడిసిన రాళ్ళ రోడ్లు, ఒక్కో బేకరీ ముందు మాత్రం వెలుతురు. కొండ ఎక్కుతుంటే సందు మలుపులో హఠాత్తుగా తెల్లటి డోమ్ కనబడింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఏమీ అనలేదు.

వెనక ద్వారం దగ్గర దిగాం. లిఫ్ట్‌లో పైకి వెళ్ళాం. అమ్మ ఒక్క పెద్ద మెట్టు కూడా ఎక్కలేదు. లియోన్ అన్నా, దీనికి మీకు ఎంత చెప్పినా తక్కువే.

లోపల ఓ ముప్పై మంది ఉంటారేమో. ఎవరి పక్కనా ఎవరూ లేరు, దూరం దూరంగా కూర్చున్నారు. పీఠం మీద దివ్యసత్ప్రసాదం, దాని పైన ఆ మొజాయిక్, చిన్న చిన్న రంగు ముక్కలు పేర్చి చేసిన యేసు ప్రభువు బొమ్మ. 475 చదరపు మీటర్లని చదివాను. ఉప్పల్ అన్న లెక్కలో చెప్పాలంటే దాదాపు 570 గజాలు, మా ఇంటి స్థలం లాంటివి మూడు పడతాయి. మొదట చీకట్లో బంగారు రంగు మాత్రమే తెలిసింది. బయట వెలుగొచ్చేకొద్దీ ముఖం, తర్వాత చేతులు కనబడ్డాయి. అమ్మ నా చెవి దగ్గరకి వంగి, "మన పటంలో ఒక చెయ్యి గుండె మీద ఉంటుంది కదా. ఇక్కడ రెండు చేతులూ చాపేశాడు" అంది. పొద్దుట పూజ అంతా ఫ్రెంచిలోనే. ఎక్కడ నిలబడాలో ఎక్కడ మోకరించాలో అమ్మకి నాకంటే బాగా తెలిసింది. పరలోక జపం దగ్గర ఆవిడ తెలుగులోనే చెప్పింది, పెదాలు కదుపుతూ. తెల్ల ముసుగు వేసుకున్న సిస్టర్లు పాడారు. ఆ గొంతులు పైకి వెళ్ళి డోమ్‌లో కాసేపు నిలిచి దిగొచ్చినట్టు అనిపించింది.

మొజాయిక్ కింది అంచులో లాటిన్ అక్షరాలున్నాయి. పశ్చాత్తాపంతో, భక్తితో, కృతజ్ఞతతో ఫ్రాన్స్ దీన్ని తిరుహృదయానికి అర్పిస్తోందని అర్థం. పాఠకుడు గారూ, ఆ మొదటి మాట దగ్గర మీరు గుర్తొచ్చారు. దాన్ని దాటి చదవబుద్ధి కాలేదు కాసేపు.

పూజ అయ్యాక కూడా అమ్మ లేవలేదు. నా భార్య డోమ్ ఎక్కడానికి వెళ్ళింది. దాదాపు 300 మెట్లు, చార్మినార్ మెట్లకి రెట్టింపు, అంతే ఇరుకు, లిఫ్ట్ లేదు. ముందు మెట్ల మీద నుంచి సరిగ్గా కనబడని ఈఫిల్ టవర్ అక్కడి నుంచి పూర్తిగా కనబడిందట. నేను అమ్మ పక్కనే ఉండిపోయాను. మొత్తం మూడు గంటల పది నిమిషాలు. మా నాన్న పోయాక అమ్మ అంత సేపు ఏ పనీ లేకుండా కూర్చోవడం నేను చూడలేదు. ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటుంది.

లేచాక రెండు కొవ్వొత్తులు వెలిగించింది. ఒకటి నాన్నకి. రెండోది ఎవరికని అడిగితే, పక్కింటి పాపకి నవంబరులో ఆపరేషన్ ఉందిగా అంది.

ముందు తలుపు లోంచి బయటికి వచ్చేసరికి సన్నగా వాన. అమ్మ గోడ రాయి మీద అరచెయ్యి పెట్టి చూసింది. ఉప్పల్ అన్న చెప్పిన సంగతి ఆమెకి ముందే చెప్పాను. "చల్లగా ఉందిరా, తెల్లబడుతోందా?" అని అడిగింది. అప్పటికే మెట్ల నిండా జనం, సెల్ఫీ కర్రలు, గైడ్ల గొడుగులు. వాటిలో మా గ్రూపు కూడా ఉండే ఉంటుంది, నేను వెతకలేదు.

తర్వాత ట్యాక్సీలో కిందికి దిగి, మాస్టారు చెప్పిన శౌరివారి ప్రార్థనాలయం వీధికి వెళ్ళాం. తలుపు వేసి ఉంది. అమ్మ గోవా జపమాలని ఆ తలుపుకి తాకించి పర్సులో పెట్టుకుంది.

లోపల ఒక్క ఫోటో కూడా తీయలేదు. విచారణలో అందరూ ఫోటోలు అడుగుతుంటే అమ్మ చేతులు రెండూ చాపి చూపిస్తోంది.

ఉప్పల్_సివిల్ (ఆదివారం సాయంత్రం 6:05)

అమ్మగారు రాయిని తాకారు చూడండి, నాకు అది చాలు. గంట వినబడిందా? ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంవాళ్ళు ఇచ్చిన పెద్ద గంట, 18 టన్నులు దాటుతుంది. 1895లో 28 గుర్రాలు లాగితే కొండ ఎక్కింది.

మెట్టుగూడ_వాసి (ఆదివారం సాయంత్రం 6:20)

గంటలు వినబడ్డాయి అన్నా, ఏది ఆ పెద్ద గంటో తెలియలేదు. తెలిసి ఉంటే అమ్మకి చెప్పేవాణ్ణి.

బోయిన్‌పల్లి_అక్క (ఆదివారం రాత్రి 8:44)

చదువుతూ ఏడ్చాను తమ్ముడూ. నేను మళ్ళీ వెళ్తాను. ఈసారి ఎవరి గొడుగు వెనకా కాదు.

నల్లకుంట_అమ్మమ్మ (సోమవారం ఉదయం 7:15)

బాబూ, ఆ వెనక వీధి పేరు ఒకసారి రాసి పెట్టు. కాగితం మీద రాసుకుంటాను, ట్యాక్సీ అబ్బాయికి చూపించాలి.

మెట్టుగూడ_వాసి (సోమవారం ఉదయం 7:31)

35, ర్యూ ద్యు షెవాలియే ద లా బార్. మనవరాలితో ఫ్రెంచిలో కూడా రాయించుకోండి అమ్మమ్మగారూ. మార్చిలో పొద్దుట చలి గట్టిగా ఉంటుంది, శాలువా మర్చిపోకండి.